ఏనుగును కొని అంకుశానికి బేరం

మా బావమరిది పాత విదేశీకారు కొన్నాడు. పదేళ్ల బండి, తోలు సీట్లు, చవక ధర! ఇల్లాలు హారతి పట్టింది.

నెల తిరక్కుండానే జబ్బు బయటపడింది. కూడలిలో ఆగి కదలబోతే బండి క్షణం తటపటాయించి, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకు దూకుతుంది. ఎత్తెక్కేటప్పుడు ఇంజను రంకెలు వేస్తుందిగాని చక్రాలు కదలవు.

క్లచ్ పెడలు లేని ఆటోమేటిక్ గేర్లకు ప్రాణం ఆయిలే. ఇంజను బలాన్ని అందించేదీ, గేర్లు మార్చే ఒత్తిడి కలిగించేదీ, వేడిని మోసుకుపోయేదీ అదే. కొత్తది సాధారణంగా ఎర్రగా ఉంటుంది. మాడితే నల్లబడి కమురువాసన వేస్తుంది. మావాడి బండిలోది అచ్చం కాఫీ డికాషను!

"జీవితాంతం మార్చనక్కర లేదన్నారు, బావా!" అన్నాడు.

ఎవరి జీవితాంతం? బి.ఎం.డబ్ల్యు. కార్లకు గేరుబాక్సులు చేసే జర్మనీలోని జెడ్.ఎఫ్. కంపెనీయే 80,000 – 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు మార్చమంటుంది.

అమ్మాయి కాలేజీ ఫీజుకు దాచిన సొమ్ము రిపేరుకు కరిగిపోయింది.

కాబట్టి, కొనేముందు ఇంజను చల్లగా ఉన్నప్పుడూ, వేడెక్కాకా నడిపి చూడండి. ఆయిలు మార్చిన రసీదు అడగండి. ఏనుగును కొన్నవారు అంకుశం దగ్గర లెక్క చూసుకుంటే ఎలా?