పాత కెమేరాను పరీక్షించి కొనుట

ఫిల్ముతో ఛాయాచిత్రములు తీయవలెనను కోరిక యిటీవల విద్యార్థులలో మరల కనబడుచున్నది. క్రొత్త ఫిల్ము కెమేరాలు మిక్కిలి తక్కువగా తయారగుచున్నవి గాన, పెక్కుమంది యొరులు వాడిన చిన్న కెమేరానే కొనవలసినవారై యున్నారు. తలిదండ్రుల ధనము వ్యర్థము గాకుండుటకును, ఒక్కమారే జరుగు శుభకార్యముల చిత్రములు చెడకుండుటకును తెలిసికొనదగిన సంగతుల నిచట వ్రాయుచున్నాము.

పాత కెమేరాను పేరు చూచి కొనరాదు. స్థితి చూచి కొనవలయును. 1997వ సంవత్సరమున వెలువడిన ఒలింపస్ మ్యూ-2 వంటివి జేబులో నిముడును. దూరమును, వెలుతురును తామే కొలుచుకొనును. చిత్రములును చక్కగా వచ్చును. కాని వాని పని యంతయు లోపలి విద్యుత్పరికరములపై నాధారపడి యున్నది. అవి చెడినచో మరల దొరకుట దుర్లభము.

ఒలింపస్ ట్రిప్ 35 దీనికి భిన్నమైనది. ఇది 1967లో వెలువడి 1984 వరకు తయారైనది. దీనికి బ్యాటరీ యక్కరలేదు. లెన్సు చుట్టునున్న సెలీనియమను పదార్థము వెలుతురు సోకగానే స్వల్పమైన విద్యుత్తును బుట్టించి యొక సూదిని గదల్చును. సూది నిలిచిన చోటును బట్టి లెన్సు రంధ్రమెంత తెఱవవలెనో, షట్టరెంత వేగముగా కదలవలెనో యంత్రమే నిర్ణయించుకొనును. వేగములు రెండే: సెకండులో 40వ వంతు, 200వ వంతు. దూరమును మాత్రము లెన్సుపైనున్న నాలుగు గురుతులలో నొకదానికి త్రిప్పి మనమే యమర్చుకొనవలయును.

దీని పరీక్ష సులభము. 'ఏ' అను గురుతున నుంచి, లెన్సును అరచేతితో మూసి, మీట నొక్కవలయును. చూచు కిటికీలో ఎఱ్ఱని రేకు లేచి షట్టరు కదలకున్న మంచిది. పిమ్మట ఆరుబయటి వెలుతురువైపు త్రిప్పి నొక్కినచో, రేకు లేవక షట్టరు పనిచేయవలయును. మంచి యెండలో సైతము రేకే కనబడిన, వెలుతురు కొలుచు భాగము చెడినదని గ్రహింపవలెను.

ఏ కెమేరాకైనను మఱి మూడు భాగములు చూడదగినవి. మొదటిది లెన్సు. దీపమున కెదురుగా బట్టి చూడగా సాలెగూటి దారముల వంటివి కనబడిన నది బూజు. సముద్రతీరపు తేమలో తోలుసంచి యందు మూసియుంచిన కెమేరాలకిది తఱచు పట్టును. బూజు గాజుపై పూతను తినివేసినచో, ఎంత తుడిచినను మచ్చ పోదు. రెండవది బ్యాటరీ గది. అందు పచ్చని లేక తెల్లని చిలుమున్న జాగ్రత్తపడవలయును. కొన్ని పాత కెమేరాలు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీకై చేయబడినవి. అట్టివి యిప్పు డంగళ్లలో దొరకవు, 1.5 వోల్టులది వేసిన కొలత తప్పవచ్చును. మూడవది వెనుక తలుపు. దాని యంచున నున్న నల్లని స్పాంజి కాలక్రమమున జిగురువలె కరగును. అప్పుడు వెలుతురు లోనికి జొచ్చి ఫిల్ముపై చారలు పడును. ఇది చిన్న దోషమే. క్రొత్త స్పాంజి నతికించిన సరిపోవును. దీనికై కెమేరాను విడువనక్కరలేదు, ధర తగ్గింప నడుగవచ్చును.

"పరీక్షింపలేదు, ఉన్నదున్నట్లే యిచ్చుచున్నాము" అని అమ్మువాడు చెప్పినచో, చెడిన కెమేరాకిచ్చు ధరకంటె నెక్కుడీయరాదు. కొనుటకు ముందు తాతగారి బీరువాలో వెదకుటయు మేలే. అచ్చట దొరకిన దానికిని ఈ పరీక్షలే చేయవలయును.

కెమేరా వెలతోనే వ్యయము ముగియదు. 36 చిత్రముల ఫిల్ముచుట్ట యొక్కొక్కదానికి కొనుట కొక ఖర్చు, కడిగించుట కొక ఖర్చు. అనేక పట్టణములలో స్టూడియోలవారు ఫిల్ము కడుగుట మానివేసిరి. కావున ఎచ్చట కడుగుదురో, ఎంత యగునో ముందుగా విచారించి, నెలకెన్ని చుట్టలు కొనగలమో యింటివారితో ఆలోచించి నిశ్చయించుకొనవలయును.

విద్యార్థులారా! కొన్న వెంటనే కెమేరాను అక్క పెండ్లికి గొనిపోకుడు. మొదటి చుట్టను పరీక్షకే వినియోగింపుడు. ఎండలో, నీడలో, దగ్గఱగా, దూరముగా చిత్రములు తీసి, ప్రతిదాని వివరమును పుస్తకమున వ్రాసికొనుడు. కడిగించి వచ్చిన చిత్రములను ఆ వ్రాతతో సరిచూడుడు. కెమేరా దోష మెచ్చటనో, చేతి దోష మెచ్చటనో అప్పుడు విడిగా తెలియును. అవి సరిపడిన పిమ్మట పెండ్లికి గొనిపోవచ్చును.