1,350 ఎస్సెఫ్టీలో మనం ఉండేది ఎంత?

విజయవాడ బెంజ్ సర్కిల్ నుంచి బందరు రోడ్డు పట్టుకుని పోరంకి దాకా వెళ్తే దారి పొడవునా ఫ్లాట్ల బోర్డులే. త్రీ బెడ్‌రూమ్, ఈస్ట్ ఫేసింగ్, 1,350 ఎస్సెఫ్టీ. ఆ 1,350లో ఏమేం కలిశాయో మాత్రం బోర్డు చెప్పదు. చాలా ఏళ్లు ఇళ్ల ప్లాన్లు గీసినవాణ్ణి కాబట్టి మా చుట్టాల్లో ఎవరు ఫ్లాటు చూసినా నన్ను టేపు తీసుకుని రమ్మంటారు.

ఈమధ్య మా చెల్లెలు రెండు చూసింది. పోరంకిలో 1,350 అడుగులు, అడుగు 5,000 చొప్పున 67.5 లక్షలు. గొల్లపూడిలో 1,250 అడుగులు, అడుగు 5,200 చొప్పున 65 లక్షలు. “గొల్లపూడిది ఇల్లూ చిన్నదే, రేటూ ఎక్కువే అన్నయ్యా” అంది. వెళ్లి కొలిచాను. పోరంకి ఫ్లాటులో గదులు, వంటిల్లు, బాత్‌రూములు, నడవా అన్నీ కలిపి 822 అడుగులు. లోపలి అడ్డగోడల మందం ఇంకో 42. మొత్తం 864, అదీ కార్పెట్ ఏరియా. బాల్కనీలు, బయటి గోడలు కలిపితే ప్లింత్ ఏరియా 1,050. మిగిలిన 300 అడుగులూ మెట్లు, లిఫ్టు, వరండా, వాచ్‌మన్ గది లాంటి వాటిలో మన వాటాగా వేసినవి. ఈ మొత్తాన్నే సూపర్ బిల్టప్ అంటున్నారు. గొల్లపూడి ఫ్లాటు కార్పెట్ ఏరియా 880 వచ్చింది. దాని మీద లెక్కగడితే పోరంకిలో అడుగు 7,800 దాటింది, గొల్లపూడిలో 7,400 లోపే. చిన్నదనుకున్న ఇల్లే పెద్దది, ధరా తక్కువే.

మెట్లకూ లిఫ్టుకూ డబ్బు తీసుకోవడం తప్పని నేననను. వాటికీ ఖర్చవుతుంది. నా బాధల్లా ఆ వాటా ఎంతో తేల్చే కొలమానం లేకపోవడం. ఒకరు 20 శాతం కలుపుతారు, పక్క వీధిలో ఇంకొకరు 30 కలుపుతారు. సూపర్ బిల్టప్‌కు చట్టంలో నిర్వచనమే లేదు.

కార్పెట్ ఏరియాకు ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం బయటి గోడలు, డక్టులు, బాల్కనీ, ఓపెన్ టెర్రస్ అందులోకి రావు. లోపలి అడ్డగోడలు వస్తాయి. రెరాలో నమోదైన ప్రాజెక్టు అయితే బిల్డరు ఫ్లాట్ల కార్పెట్ ఏరియా ప్రకటించి తీరాలి. ఏపీ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరుతో వెతకండి. అంకె చదరపు మీటర్లలో ఉంటే 10.764తో గుణిస్తే అడుగులొస్తాయి. అయితే స్థలం 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 598 గజాలకు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా నమోదు అక్కర్లేదు. మన ఊళ్లో సందుల్లో లేచే చిన్న అపార్టుమెంట్లు చాలావరకు ఈ కోవలోవే. అక్కడ కార్పొరేషనో సీఆర్డీఏనో ఆమోదించిన ప్లాను కాపీ అడిగి తీసుకుని, మనమే కొలుచుకోవాలి.

కొలవడం కష్టమేమీ కాదు. పూత నుంచి పూతకు, ప్రతి గదినీ రెండు చోట్ల కొలవండి. ప్లానులో ఇటుక గోడ నుంచి గోడకు ఉన్న కొలత పూత పూశాక ఒక అంగుళం దాకా తగ్గుతుంది, దానికి గొడవ పడక్కర్లేదు. చాలామంది తప్పేది లెక్కలో: 10 అడుగుల 6 అంగుళాలంటే కాలిక్యులేటర్‌లో 10.6 కాదు, 10.5.

అడుగుల గొడవలో పడి గజాలు మరిచిపోకండి. దస్తావేజులో స్థలం మీద మీకొచ్చే అవిభక్త వాటా రాస్తారు. వెయ్యి గజాల స్థలంలో సమానమైన ఫ్లాట్లు 25 ఉంటే తలా 40 గజాలు రావాలి. 32 రాస్తే మిగతాది ఎవరి పేరున ఉందో అడగాల్సిందే. కట్టడం పాతబడి పడగొట్టే రోజున మీ చేతిలో మిగిలేది ఆ గజాలే.

రెరా చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా బిల్డరు ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఆ అగ్రిమెంటులో కార్పెట్ ఏరియా, అవిభక్త వాటా రెండూ అంకెల్లో రాయించుకోండి. రాయనంటే సంతకం పెట్టకండి.