తపాలా బిళ్ళలను కవర్ల నుండి వేరుచేయడం

కవరుపై అంటించిన తపాలా బిళ్ళను చిరగకుండా తీసి భద్రపరచడం తపాలా బిళ్ళల సేకరణలో ఒక ప్రాథమిక నైపుణ్యం.

విధానం

బిళ్ళ చుట్టూ కొంత అంచు వదిలి కవరును కత్తిరించి, ఆ ముక్కను గోరువెచ్చని నీటిలో 15 నుండి 30 నిమిషాలు నానబెట్టాలి. జిగురు కరిగిన తరువాత బిళ్ళ దానంతట అదే జారివస్తుంది. బలవంతంగా లాగినచో వెనుకవైపు పొర చీలి బిళ్ళ పలుచబడుతుంది. తడి బిళ్ళను పట్టకారుతో తీసి, అద్దుడు కాగితంపై ఆరబెట్టి, బరువైన పుస్తకంలో ఉంచాలి. రంగు కవర్ల ముక్కలను విడిగా నానబెట్టాలి, లేనిచో ఆ రంగు ఇతర బిళ్ళలకు అంటుతుంది.

వేరుచేయకూడని సందర్భాలు

పాత కవర్ల నుండి బిళ్ళలను తీయకూడదు. హైదరాబాదు సంస్థానం 1869లో సొంత తపాలా బిళ్ళలను ప్రవేశపెట్టింది. 1931లో వెలువడిన అణా బిళ్ళపై చార్మినారు చిత్రం ఉంది. అదే సంస్థానంలో, ఆంగ్లేయుల కంటోన్మెంటు అయిన సికింద్రాబాదులోని బ్రిటిషు తపాలా కార్యాలయంలో మాత్రం బ్రిటిషు ఇండియా బిళ్ళలు వాడేవారు. ఒక ఉత్తరం ఈ రెండు తపాలా వ్యవస్థలలో దేని ద్వారా, ఏ తేదీన, ఎక్కడికి వెళ్ళిందనే విషయం బిళ్ళ, తపాలా ముద్ర, చిరునామా కలిసి ఉన్నప్పుడే స్పష్టమవుతుంది. బిళ్ళను విడదీసినచో ఈ చారిత్రక ఆధారం తిరిగి లభించదు. కావున అటువంటి కవర్లను యథాతథంగా భద్రపరచాలి.