శిక్షణలోని వైద్యుల గోడు

రెసిడెంటు వైద్యుల నిరంతర విధి సాధారణముగా దినమునకు 12 గంటలను, వారమునకు 48 గంటలను మించరాదని 1992 నాటి కేంద్ర ప్రభుత్వ పథకము శాసించినది. పెక్కు ఆసుపత్రులలో నది కాగితమునందే నిలిచినది. 2024లో జాతీయ వైద్య కమిషన్ వారి కార్యసంఘము వారమునకు 74 గంటలు మించరాదని సూచించెను. ముప్పదిరెండేండ్లకు హద్దే జరిగినదన్నమాట! అరక దున్ను ఎద్దులకైనను మధ్యాహ్నమున కాడి విప్పుదుము గదా.

గంటల లెక్కతోనే యీ వ్యథ తీరదు. అర్ధరాత్రమున పసిబిడ్డ తన చేతులయందే ప్రాణము విడువగా, ఆ వార్త తల్లికి దెలిపి, మరుక్షణమే వేరొక రోగి మంచముకడకు పోవలసిన యువవైద్యురాలి మనస్సు నెవరు విచారించుచున్నారు? తెల్లవారగనే రోగుల యెదుట పెద్దల చీవాట్లు! ఆమె చేయి వణకుట చూచి యీ వృత్తికి తగవని త్రోసిపుచ్చుట సులభము. ఏమి జరిగినదమ్మాయని యడుగుట వైద్యము.

మరణానంతరము పెద్దవైద్యుడు కొంతసేపు చెంత కూర్చుండవలెను. రాత్రివిధి ముగిసినవారికి నిద్ర నియ్యవలెను. పరీక్షలో తప్పింతురను భయములేక మొరపెట్టుకొను మార్గ ముండవలెను. వీనిలో నిద్రకు మాత్రము అదనపు వైద్యులు కావలెను, వ్యయ మగును. దానిని ప్రభుత్వము భరింపవలసినదే. తక్కినవానికి ధన మక్కరలేదు. ఆసుపత్రి అధికారులు వానిని రేపటి విధిపట్టికతోనే యారంభింపవచ్చును.