నిట్రాట

నడిగూడెము పేరు వినగానే చదువరులకు మునగాల జమీందారు రాజా నాయని వెంకట రంగారావుగారి కోట, ఆ జమీందారీకి దివానుగా ఉండి 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని నెలకొల్పినవారిలో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు జ్ఞప్తికి వచ్చుట సహజము. 1959 వరకు కృష్ణా జిల్లాలో ఉన్న ఈ పరగణా తరువాత నల్లగొండకును, 2016లో సూర్యాపేటకును చేరినది. కోటను గూర్చి వ్రాసినవారు పలువురు కలరు. పెరటిలోని కొట్టమును గూర్చి వ్రాయుటకు మాత్రము ఎవరికిని తీరిక చిక్కినట్లు లేదు. అయినను నడిరేయి గాలివాన వచ్చినప్పుడు రైతు మొదట పరుగెత్తునది ఆ కొట్టము దగ్గరకే. రెండు గేదెలు, ఒక దూడ, ఏడాదికి సరిపడు గడ్డి, ఎరువుబస్తాలు అన్నియు దాని క్రిందనే ఉండును. తిన్న యింటి వాసములు లెక్కపెట్టువానిని లోకము నిందించును గాని, తన కొట్టపు వాసములు తాను లెక్కపెట్టుకొనుటలో తప్పు లేదు.

పాతకాలపు కొట్టమునకు నడుమ నిట్రాట ఉండును. దానిపై వెన్నుదూలము, ఇరుప్రక్కల పంగల గుంజలపై తక్కువ యెత్తున మరి రెండు దూలములు, వెన్నునుండి వానిపైకి జారు వాసములు, వాసములపై పెండెబద్దలు, ఆపైన తాటాకు. నిలువున నిలిచిన మనిషిని నిట్రాట వలె నిలిచినాడని మనము ఊరకే అనలేదు. అది ఉన్నంతవరకు వాసముల పైకొనలు వెన్నుదూలముపై ఆనియుండును. కప్పు బరువులో పెద్దపాలు నిట్రాట గుండా నేరుగా భూమిలోనికి దిగును.

బండి నిలుపుటకో, ట్రాక్టరు పెట్టుటకో చోటు చాలదని ఆ నిట్రాటను తీసివేసినవారు కలరు. అప్పుడేమగును? ఎదురెదురు వాసములు ఒకదాని తల ఒకటి ఆనించుకొని, తడినేలపై నిచ్చెన జారినట్లు, క్రింది కాళ్లను వెలికి జరుపును. గోడ మట్టిదైనచో బయటికి వాలును. ఒక్కనాటిలో కూలదు, ఏటికి ఒక వ్రేలెడు చొప్పున వాలుచు, ఒక వానకాలమున కూలును. గోడల తలలను కలుపుచు ఒక అడ్డదూలము వేసిన ఆ తోపును అది పట్టుకొనును. తలకు తగులునని దానిని పైకెత్తి వాసముల నడుమ కొట్టుట మన వడ్రంగులకు అలవాటు. ఎంత పైకి కొట్టిన అంత పట్టు తగ్గునన్న సంగతి వారెరుగనిది కాదు. యజమాని మాట కాదనలేక కొట్టుదురు.

దూలమును గూర్చి రెండు మాటలు. టేకునకు చేవ నడుమ ఉండును. తాడికి చేవ వెలుపల ఉండును, లోపల మెత్తని బెండు. అందుచేత చదునుగా కనబడవలెనని తాటిదూలమును నాలుగు ప్రక్కల చెక్కించుట బలమును చెక్కి పారవేయుటయే. చదరపు అందము టేకునకు చెల్లును గాని తాడికి చెల్లదు. ఇక కోసిన కర్ర సంగతి: రెండంగుళముల వెడల్పు, నాలుగంగుళముల లోతు ఉండునట్లు నిలువున పెట్టిన దూలము, అదే కర్రను పడుకోబెట్టినప్పటికంటె రెండింతలు బరువు మోయును, వంగుటలో నాలుగవ వంతు మాత్రమే వంగును. ఖర్చు దమ్మిడీ పెరుగదు. గుంజకును ఇట్టి లెక్క కలదు. 18వ శతాబ్దమున స్విట్జర్లండు గణితవేత్త ఆయిలర్ తేల్చిన ప్రకారము, సన్నని గుంజ పొడవు రెట్టింపైనచో అది వంగిపోక మోయగల బరువు నాలుగవ వంతుకు దిగును.

గుంజ మొదలును మనము సాధారణముగా మరచిపోవుదుము. మట్టిలో పాతిన కర్ర లోతున కంటె నేలమట్టమున ముందుగా పుచ్చును. తడియు గాలియు కలియు తావదియే, చెదలు ఎక్కునదియు అచ్చటనే. 2024 సెప్టెంబరు 1న ఈ మండలములోని కాగిత రామచంద్రాపురము వద్ద సాగరు ఎడమకాలువకు గండి పడినప్పటి వంటి నీరు వచ్చిన పిమ్మట కొట్టము నిలిచియున్నదని తృప్తిపడక, గుంజ మొదట జానెడు మట్టి తీసి గడ్డపారతో పొడిచి చూడవలెను. కర్రను రాతిదిమ్మెపై ఇనుప పట్టీతో నిలిపినచో ఆ బాధ చాలవరకు తీరును.

ఇప్పుడు తాటాకు పోయి రేకులు వచ్చినవి. కప్పువానికి కూలి తప్పినది, నిప్పు భయము తగ్గినది. ఇందులకు విచారింప పనిలేదు. కాని రేకు వచ్చిన దినమున కొట్టపు శత్రువు మారినది. అరమిల్లీమీటరు మందపు ఇనుప రేకు చదరపు మీటరునకు అయిదు కిలోలు తూగదు. దేశపు కట్టడ ప్రమాణములలో హైదరాబాదునకు గాలివేగము సెకనుకు 44 మీటర్లు, విజయవాడకు 50 మీటర్లు. నడిగూడెము ఆ రెండు నగరముల నడుమ ఉన్న ఊరు. 44 మీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరునకు సుమారు 118 కిలోలు! పల్లపు వాలుగల రేకుపై అది పైనుండి పీల్చును. ఒకప్రక్క తెరచిన కొట్టమైన లోపల దూరి క్రిందినుండియు ఎత్తును. నలువదియైదు డిగ్రీల వాలుగల తాటాకు కప్పును ఎదురుగాలి పెద్దపాలు అదిమిపట్టును. పది డిగ్రీల రేకును లేవనెత్తును.

కావున రేకుల కొట్టమున దూలము మోయుట ఒక పని, పట్టుట మరియొక పని. రేకును పట్టెకు మేకుతో గాక కొక్కెపు బోల్టుతో, పట్టెను వాసమునకు, వాసమును దూలమునకు, దూలమును గుంజకు ఇనుప పట్టీతో బిగించి, గుంజను బరువైన దిమ్మెలో నాటవలెను. రేకుపై రాళ్లు పేర్చుట చూచుచున్నాము. పదికిలోల రాయి వంద కిలోల గాలిని ఆపదు; రేకు లేచినప్పుడు అది గేదె మీదనో మనిషి మీదనో పడును. గాలి మొదట ఎత్తునది చూరును, మూలలను. బోల్టులు కొనుటకు చేతిలో పైకము తక్కువైనచో, అచ్చట దగ్గర దగ్గరగాను నడుమ దూరముగాను వేయవలెను గాని, అంతట సమానముగా పంచరాదు.