పెరటి కోళ్ళ పక్కన కుందేలు: ఒకే పెరట్లో సరే, ఒకే గూట్లో వద్దు

కిందటి వీడియోలో నవధాన్యాల మడి చూపిస్తుంటే వెనకాల జాలీలో తెల్ల కుందేలు ఒకటి కనపడింది. మడి గురించి అడిగినవాళ్ళకన్నా దాని గురించి అడిగినవాళ్ళే ఎక్కువ. "కోళ్ళతో కలిపి పెంచొచ్చా? మా పిల్లలు కూడా అడుగుతున్నారు" అని. అందుకే ఈ వీడియో. వీడియోలో చెప్పడానికి కుదరనివి ఇక్కడ రాస్తున్నాను.

మాది కొత్తవలస దగ్గర. పెరట్లో నాటుకోళ్ళు పన్నెండు, ఒక పుంజు ఉన్నాయి. కుందేలు మా పాప కోసం వచ్చింది. అమ్మడానికో కోయడానికో కాదు, పెంపుడుకే. కోడి పోతే రైతు బాధపడతాడు, మర్నాడు పనిలో పడతాడు. పిల్ల పేరు పెట్టుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న కుందేలు పోతే ఇంట్లో రెండు రోజులు అన్నం సహించదు. అందుకని తేక ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

తోటలో దొరికిన కూనని తేవద్దు

మన వైపు జీడి తోటల్లో, సరుగుడు తోటల్లో తిరిగే చెవులపిల్లి వేరు, ఇంట్లో పెంచే కుందేలు వేరు. అడవి చెవులపిల్లిని పట్టడం, పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా అది గూట్లో బతకదు, బెదిరి చచ్చిపోతుంది. దాని కూనలు పుట్టేటప్పటికే ఒంటి నిండా బొచ్చుతో, కళ్ళు తెరిచి ఉంటాయి. తల్లి వాటిని గడ్డిలో వదిలి దూరంగా ఉంటుంది, చీకటి పడ్డాక వచ్చి పాలిచ్చి పోతుంది. కలుపు తీసేటప్పుడు కూన ఒంటరిగా కనపడితే తల్లి వదిలేసిందనుకోవద్దు. అక్కడే ఉంచేయండి.

పెంపుడు కుందేలు యూరప్ జాతి నుంచి వచ్చింది. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్ళు మూసుకుని పుడతాయి. కొనేటప్పుడు కనీసం ఎనిమిది వారాలు నిండిన పిల్లనే తీసుకోండి. అరచేతిలో పట్టేంత పిల్ల ముద్దుగానే ఉంటుంది, కానీ తల్లిపాలు ముందే మానిపించిన పిల్ల పొట్ట చెడి వారంలోనే పోవచ్చు. "జత తీసుకోండి" అని అంటగడతారు కూడా. ఆడ కుందేలు నాలుగైదు నెలలకే ఎదకొస్తుంది, నెల రోజులకి ఈనుతుంది, ఈనిన రోజే మళ్ళీ కట్టగలదు. రెండు కావాలంటే డాక్టరు గారితో మాడా పెంటా సరిగ్గా చూపించుకుని తెచ్చుకోండి.

ఒకే గూట్లో ఎందుకు వద్దు

కుందేలుని తెచ్చిన రోజు పక్కింటి మామ్మ చూసి, "ఏటి బాబూ, కోళ్ళ గూట్లోనే పడేస్తావేటి? పుంజు ఊరుకుంటాదా?" అంది. ఆవిడ మాటే నిజం. మా వీధిలోనే ఒకరింట్లో రెండు కుందేళ్ళని కోళ్ళ షెడ్డులో వదిలారు. పది రోజులకి ఒకదానికి కన్ను పోయింది, రెండోది ప్రాణమే పోయింది.

కోడికి మెరిసేదేదైనా, ఎర్రగా కనపడేదేదైనా పొడవడం అలవాటు. కుందేలు కన్ను, చెవి, చిన్న గాయం ఏదైనా చాలు. పుంజు కాటా తగిలితే కుందేలు పల్చటి చర్మం చిరిగిపోతుంది. వయసొచ్చిన మగ కుందేలు కూడా తక్కువది కాదు, పెట్టల్ని తరుముతుంది.

దెబ్బలకన్నా పెద్ద సమస్య మేత. కోళ్ళకి మనం నూకలు, చోళ్ళు, గంట్లు చల్లుతాం. కుందేలు వాటిని ఇష్టంగా తింటుంది, కానీ దాని పొట్ట గడ్డి కోసం తయారైంది. గింజ ఎక్కువైతే పేగుల్లో గ్యాసు పట్టి, విరేచనాలు పట్టుకుంటాయి. కొనే దాణా ఇంకా ప్రమాదం. బ్రాయిలర్ దాణాలో రక్తపారుడు రాకుండా కలిపే సాలినోమైసిన్, నరాసిన్ లాంటి మందులు కుందేలుకి విషం. నాటుకోళ్ళకి కూడా సంచీ దాణా పెడుతున్నవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోండి.

రోగాల సంగతి చూద్దాం. కొక్కెర తెగులు కుందేలుకి రాదు. కోళ్ళ రక్తపారుడు క్రిములు వేరు, కుందేలు వాటివి వేరు, ఒకదాని నుంచి ఒకదానికి అంటవు. కానీ సాల్మొనెల్లా అంటుతుంది. పాశ్చురెల్లా అనే క్రిమి కుందేలు ముక్కులో ఏ జబ్బూ చేయకుండానే ఉండొచ్చు. కోళ్ళలో కలరా తెచ్చేది ఆ జాతి క్రిమే. అందుకని నీళ్ళ గిన్నెలు, మేత గిన్నెలు వేరుగా ఉండాలి. కోళ్ళు రాత్రి వాలే కర్ర కింద కుందేలు గూడు అసలు పెట్టొద్దు, రెట్టంతా దాని మీదే పడుతుంది.

మేము చేసిన ఏర్పాటు

గూడు నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. నేల నుంచి మూడడుగుల ఎత్తులో చెక్క కాళ్ళ మీద ఉంది. చుట్టూ అర అంగుళం వెల్డు మెష్ కొట్టాం. కోళ్ళ జాలీని కుక్క పళ్ళతో లాగేస్తుంది, పాము కన్నంలోంచి దూరుతుంది, కాబట్టి అది పనికిరాదు. అడుగున సగం మెష్, సగం చెక్క పలక. మొత్తం తీగ మీదే ఉంటే కుందేలు పాదాలు పుండ్లు పడతాయి. ఒక మూల చీకటిగా దాక్కునే పెట్టె ఉంది. గడియ రెండు చోట్ల పెట్టాం. కేకే లైను మీద గూడ్సు కూతలకి బెదరకుండా గూటిని ఇంటి గోడ చాటున పెట్టాం.

ఇక తిరగడానికి వంతులు. కోళ్ళు పొద్దుగూకితే గూటికి చేరతాయి. కుందేలుకి హుషారు వచ్చేదే తెల్లవారుజామున, సాయంత్రం చీకటి పడేముందు. కోళ్ళు లోపలికి వెళ్ళాక ఒక గంట కుందేలుని పెరట్లో వదులుతాం. ఎవరో ఒకరు పక్కనే ఉంటారు. ఆ వేళకి ముంగిసలు, పిల్లులు, పాములు తిరుగుతాయి కదా. పగలు మాత్రం జాలీకి అటు కోళ్ళు, ఇటు కుందేలు. ఒకదాన్నొకటి చూస్తూ అలవాటు పడ్డాయి.

ఎండాకాలం అసలు పరీక్ష. కుందేలుకి చెమట పట్టదు, చెవుల ద్వారానే వేడి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే ఎండకి సముద్రపు ఉక్క కూడా తోడు. గూటి మీద తాటాకులు కప్పి, పక్కల తడి గోనెపట్టాలు వేలాడదీశాం. మధ్యాహ్నం ఫ్రిజ్‌లో గడ్డ కట్టించిన నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి లోపల పెడితే దానికి ఆనుకుని పడుకుంటుంది. నీళ్ళు ఎప్పుడూ ఉండాలి. తుఫాను హెచ్చరిక వస్తే గూడు బయట ఉంచొద్దు, బుట్టలో పెట్టి ఇంట్లోకి తెచ్చేయండి.

మన మడిలో ఆకైనా చూసి పెట్టాలి

ప్రకృతి వ్యవసాయం చేసేవాళ్ళకి ఇక్కడ లాభం ఉంది. రసాయన మందు కొట్టని ఆకు దొరకడమే కష్టం, మన పెరట్లో దొరుకుతుంది. కుందేలు తిండిలో ఎక్కువ భాగం గడ్డే ఉండాలి: గరిక, ఎండబెట్టిన పచ్చిక. దాని పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. దాంతో పాటు రోజూ గుప్పెడు పిల్లిపెసర, అలసంద ఆకు, మునగాకు, కొత్తిమీర, ముల్లంగి ఆకు. తోటకూర, సుబాబుల్ కొద్దిగానే. బొమ్మల్లో చూపించినట్టు క్యారెట్ దాని అసలు తిండి కాదు, వారానికి ఓ ముక్క చాలు.

కానీ "సహజమే కదా" అని అన్నీ పెట్టకూడదు. దశపర్ణి కషాయంలో జిల్లేడు, ఉమ్మెత్త, ఆముదం, గన్నేరు వేస్తాం. అగ్నాస్త్రంలో పొగాకు వేస్తాం. పురుగుని చంపేది, రెండు కిలోల జంతువుకి మంచిదెలా అవుతుంది? కషాయం కొట్టిన మడి నుంచి ఆకు కోయొద్దు. కుందేలు కోసం ఒక చిన్న మడి వేరుగా ఉంచి, దాని మీద ఏదీ కొట్టకండి. నవధాన్యాల్లో లేత జొన్న ఉంటే ఏరేయండి, పశువులకి నాము చేసినట్టే దీనికీ చేస్తుంది. జనుము కాయలు, వయ్యారిభామ, ఉల్లి, వెల్లుల్లి కూడా వద్దు.

తినడం మానేస్తే ఆగొద్దు

కోడి ఒక పూట మేత ముట్టకపోతే చూద్దాంలే అనుకుంటాం. కుందేలు విషయంలో అలా కుదరదు. దాని పేగు ఎప్పుడూ కదులుతూ ఉండాలి. పది పన్నెండు గంటలు తినకుండా, పెంటికలు వేయకుండా ఉంటే ప్రాణం మీదకి వచ్చినట్టే.

వానాకాలంలో ఒక రాత్రి వీధి కుక్కలు గూటి చుట్టూ తిరిగాయి. మెష్ గట్టిది కాబట్టి లోపలికి రాలేకపోయాయి. కానీ పొద్దున్న చూస్తే కుందేలు మూలన ముడుచుకుని ఉంది. గరిక ముట్టలేదు, గూటి కింద పెంటికలు లేవు. పాప ఏడుపు. వెంటనే పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. బెదురుకి పేగు ఆగిపోయిందని చెప్పి ఇంజెక్షను ఇచ్చారు, సిరంజితో కొంచెం కొంచెం నీళ్ళు, మెత్తగా నూరిన ఆకు పట్టమన్నారు. సాయంత్రం దాకా గంట గంటకీ పట్టాం. రాత్రి ఏడింటికి నాలుగు చిన్న పెంటికలు కనపడ్డాయి. పెంటికలు చూసి ఇంటిల్లిపాదీ సంతోషపడడం మాకు అదే మొదటిసారి.

అందుకే కుందేళ్ళు చూసే డాక్టరు దగ్గర్లో ఎవరున్నారో ముందే కనుక్కోండి. 1962కి ఫోన్ చేసి అడగొచ్చు. మన జిల్లాలో గరివిడిలో పశువైద్య కళాశాల కూడా ఉంది. సొంత వైద్యం మాత్రం చేయకండి. ఇంట్లో ఉన్న అమాక్సిసిలిన్ నోట్లో వేస్తే పేగులోని మంచి క్రిములు చచ్చి కుందేలే పోతుంది. పేలకి, గోమార్లకి వాడే ఫిప్రోనిల్ దాని మీద చల్లినా అంతే. ఇంకో మాట: తెల్లవారుజామున అది తన మెత్తటి పెంటికలు తనే తింటుంది. అది జబ్బు కాదు, నెమరు వేసే పశువు లాగా రెండోసారి అరిగించుకోవడం.

పెంటికలు, రెట్ట

గట్టి పెంటికలు నేరుగా మొక్క మొదట్లో వేసుకోవచ్చు, వేరు మాడదు. కోడిరెట్ట పచ్చిగా వేస్తే మాడుతుంది, ఎండాకులతో కలిపి కుప్ప వేసి మాగనివ్వాలి. రెండూ పచ్చిగా తినే ఆకుకూరల మీద పచ్చిగా వేయొద్దు. జీవామృతానికి మాత్రం ఆవు పేడే. పిల్లలు కుందేలుని, కోళ్ళని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

చివరిగా ఒక లెక్క. బాగా చూసుకుంటే కుందేలు ఎనిమిది నుంచి పదేళ్ళు బతుకుతుంది. మా పాప ఇప్పుడు మూడో తరగతి. ఆ లెక్కన ఈ కుందేలు దాని ఇంటర్ దాకా ఉంటుంది. రోజూ గరిక కోసేది, గూడు కడిగేది ఎవరో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఊరెళ్ళినప్పుడు ఎవరు చూస్తారో కూడా అనుకోండి. దానికి సమాధానం దొరికాకే తెచ్చుకోండి. గూడు కొలతలు, మెష్ కొట్టిన విధానం వీడియోలో దగ్గరగా చూపించాను, చూసి మీ పెరటికి తగ్గట్టు మార్చుకోండి.