ఒక సుద్దగీత విలువ

పరీక్షలో హుక్స్ జాయింట్ లెక్క కరెక్టుగానే చేశాను. తప్పింది మా నాయన ఫోర్‌వీల్ జీపు దగ్గర.

ఫస్ట్ గేరు నుంచి రివర్స్‌కు మారిస్తే కింద 'టక్'మనేది. ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ అరిగింది. చక్రాలకు రాళ్లు పెట్టి, షాఫ్ట్ దించి, సర్‌క్లిప్పులు తీసి, వైస్‌లో నొక్కి కొత్త క్రాస్ వేశాను. కప్పులో ఒక్క సూది అడ్డం పడినా క్లిప్పు కూర్చోదు, అందుకే సూదుల్ని గ్రీజుతో నిలబెట్టాను.

అయినా దామలచెరువు మండీకి మామిడికాయలు తీసుకుపోతుంటే బండంతా వణికింది. మెకానిక్ మామ కిందికి ఒంగి చూసి, "విప్పేముందు గుర్తు పెట్టినావా అబ్బయ్యా?" అన్నాడు. పెట్టలేదు.

కోణంలో తిరిగే క్రాస్ చుట్టుకు రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. 15 డిగ్రీలకు తేడా అటూ ఇటూ దాదాపు 3.5 శాతం. రెండో క్రాస్ దాన్ని సరిచేయాలంటే షాఫ్ట్ రెండు చివర్ల యోక్‌లు ఒకే వరసలో ఉండాలి. నేను స్లిప్ జాయింట్ ఊడదీసి, పళ్లు మారిపోయేలా ఎక్కించాను.

భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు వెనక షాఫ్ట్ తెగితే, టూ వీల్‌లో ఉన్న బండికి ఇంజన్ పట్టు కూడా పోతుంది. అందుకే నిపుల్ ఉంటే, నాలుగు కప్పుల్లోంచీ పాత గ్రీజు బయటికొచ్చేదాకా గన్ కొట్టండి. విప్పేముందు గీత గీయండి. ఆ లెక్క నాకు ముందే వచ్చు, సుద్దముక్కే చేతిలో లేదు.